ఇరవై అయిదు మీటర్ల తీగ

హడర్స్‌ఫీల్డ్‌లో మా అద్దె ఇంటి గోడలు
మూరెడు మందం, నల్లబడ్డ రాయి.
ఎప్పుడో మిల్లు కూలీల కోసం కట్టారట.
చలిని ఆపవు గానీ
వైఫైని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి
ఊరూ పేరూ అడుగుతాయి.

రూటరు కింద, ముందు గదిలో, చెప్పుల స్టాండు మీద.
వల్లరి గేమ్ బాక్సు పైన, వాలు కప్పు గదిలో.
నడుమ ఇరవై ఆరు మెట్లు,
ఒక వంటిల్లు, అందులో ఒక మైక్రోవేవు.

నేను పాలు వేడి చేసుకుంటే చాలు
పైనుంచి కేక:
"అమ్మా! గోల్ పోయింది!"
ఆటలో మనిషి పరిగెత్తుతూ పరిగెత్తుతూ
ఒంటికాలి మీద బొమ్మైపోతాడట.
మళ్లీ కదిలేసరికి బంతి ఎవరి కాళ్ల దగ్గరో.
పదమూడేళ్ల పిల్ల. ఓడిన ప్రతిసారీ
తప్పు గోడది,
లేకపోతే రూటరుది,
లేకపోతే నా పాలది.

షాపులో కుర్రాడు మూడు తెల్ల డబ్బాలు చూపించాడు.
అంతస్తుకొకటి పెట్టుకోవాలట, నూట అరవై పౌండ్లు.
"లేదంటే ఇదిగో, తీగ. పదకొండు."
రోజూ ఫార్మసీ కౌంటరు దగ్గర నన్నూ అడుగుతారు
పెద్ద కంపెనీదా, మామూలుదా అని.
లోపల మందొకటేనండీ అంటాను.
ఇక్కడ ఆ మాటా అనలేను.
ఒకటి గాలిలో మాట, ఒకటి చేతిలో చెయ్యి.
పర్సు తెరిచి చూశాక
చెయ్యే నయమనిపించింది.

హేగ్ గారికి ఫోన్ చేశాను.
"గోడకి ఒక్క బెజ్జం పడిందా,
డిపాజిట్లో కోసేస్తా" అన్నాడు ఇంటాయన.
అందుకని జిగురు క్లిప్పులు.
ఆదివారమంతా నేనూ వల్లరీ మోకాళ్ల మీద.
కార్పెట్ అంచు కింద దూర్చి,
వంటింటి తలుపు చుట్టూ తిప్పి,
మెట్ల పక్కన ఒక్కో క్లిప్పూ బొటనవేలితో నొక్కి
ముప్పై లెక్కపెట్టేదాకా.
తీగ అడ్డొచ్చి తలుపు ఇప్పుడు పూర్తిగా పడదు,
వేలెడు సందు.
ఆ సందులోంచి పోపు వాసన
పై గది దాకా పోతోందని పిల్ల కంప్లైంటు.

చివర తీగ గూట్లో పడ్డప్పుడు
టక్ మంది.
చిన్న పచ్చ దీపం.

ఆ రాత్రి కావాలనే రెండుసార్లు పాలు వేడి చేశాను.
కేక లేదు.
అరగంటకి మెట్ల మీద అడుగులు.
"ఓడిపోయా."
"ఆగిందా?"
"లేదు. ఒక్కసారి కూడా ఆగలేదు."
గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తాగి,
మూతి తుడుచుకోకుండానే అంది,
"ఆరు గోల్స్. అన్నీ నేనే ఇచ్చా.
వైఫై ఉన్నప్పుడే బాగుండేది."

నవ్వబోయాను. రాలేదు.

మా పెద్దక్కకి నేను నాలుగు లక్షలు బాకీ,
వీసా ఫీజుకని తీసుకున్నవి.
పాపం ఎప్పుడూ గట్టిగా అడగదు.
వానలెలా ఉన్నాయంటుంది, వల్లరి ఎత్తెంతంటుంది,
గొంతు సర్దుకుంటుంది.
ఆ సర్దుకోవడం వినగానే నేను మెట్లెక్కుతాను.
తొమ్మిదో మెట్టు మీద సిగ్నల్ చచ్చిపోతుంది.
"అక్కా... కట్ అవుతోంది... వినబడట్లేదు..."
నిజమే. అబద్ధం కాదు.
ఎక్కిన కాళ్లు మాత్రం నావి.

సోమవారం పొద్దున, ఇంకా చీకటిగానే ఉంది,
ఫోన్.
వానలు, ఎత్తు, గొంతు.
చూసుకుంటే అప్పటికే ఎనిమిదో మెట్టు మీదున్నాను.
తొమ్మిదో దగ్గర ఒక క్లిప్పు ఊడి
తీగ కాస్త వేలాడుతోంది.
వంగి, మళ్లీ నొక్కాను.

కిందికి దిగొచ్చి
చెప్పుల స్టాండు పక్కన నేలమీద
రూటరుకి మోకాలు ఆనించి కూర్చున్నాను.

"చెప్పక్కా.
వినబడుతోంది."